సింహాచలం కుక్కకి మచ్చ లేదు

పశువుల డాక్టర్లుగా కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. కాఫీ తాగి, "మీ అనుభవాలు ఏమైనా చెప్పండి సార్" అంటారు. అడ్డం తిరిగిన దూడని ఎలా బయటికి తీశానో, పొగరుబోతు గిత్త నన్ను గోతిలోకి ఎలా తోసిందో చెబుతాను. నవ్వుకుని వెళ్ళిపోతారు. వాళ్ళకి నిజంగా చెప్పవలసిన సంగతి ఒకటుంది. అది ఎదురుగా కూర్చుని చెప్పడం నా వల్ల కాదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

వరండాలో బల్ల

అరవైల చివరి సంవత్సరాల్లో, గజపతినగరం దాపున ఒక చిన్న పశువుల ఆస్పత్రిలో నా మొదటి పోస్టింగు. పెంకుటిల్లు, ముందు వరండా, వరండాలో ఒక పొడుగాటి చెక్కబల్ల. పొద్దున్నంతా ఎడ్లూ ఆవులూ గేదెలే. చోడి చేను, గోగు చేను నమ్ముకుని బతికే రైతులు వాళ్ళు. ఎద్దు కుంటుతోందంటే ఇంట్లో పొయ్యి వెలగదని వాళ్ళ భయం. ఆ పని తెమిలాక, ఎండ ముదిరే వేళకి, కుక్కలవాళ్ళు వచ్చేవారు. సంత రోజైతే బల్ల నిండిపోయేది.

ఆ కుక్కలకి గొప్ప జబ్బులేమీ ఉండేవి కావు. రక్తం తాగే గోమార్లు పట్టడం, చెవిలో చీము, కాలిలో ముల్లు, రెండు పూటలు తిండి మానెయ్యడం. నేను పిలిచేలోపు వాళ్ళలో వాళ్ళే వైద్యం మొదలుపెట్టేవారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన సూర్యనారాయణ గారు తన తెల్లటి బొచ్చుకుక్కని ఒళ్ళో పెట్టుకుని అందరికీ మందులు చెప్పేవారు. మహాలక్ష్మమ్మ గారని ఇంకొకావిడ. ఆమె పుట్టింటివాళ్ళు గుళ్ళో పాడేవాళ్ళు, భర్త వయొలిన్ మాస్టారు. ఆచారం గట్టిగా పాటించే మనిషి. తన నల్లకుక్కని ముట్టుకున్నప్పుడల్లా ఇంటికెళ్ళి తలస్నానం చేసేది. అయినా ముట్టుకునేది.

వాళ్ళ మందుల గురించి నా అభిప్రాయం అడిగితే నిర్మొహమాటంగా చెబుతాను. గోమార్లకి వేపనూనె మంచిదే. గజ్జికి కొబ్బరినూనెలో గంధకం పనిచేస్తుంది, కుక్క నాకకుండా చూసుకోగలిగితే. చీము పట్టిన చెవిలో వెల్లుల్లి కాచిన నూనె పొయ్యడం తప్పు. ఒంటికి కిరసనాయిలు రాయడం ఘోరం. తోలు ఊడిన కుక్కల్ని నేను చూశాను.

ఉడుకు రక్తంతో నేను ఈ సొంత వైద్యాలు కట్టిపెట్టించాలని చూస్తే, మా పెద్ద డాక్టరు నరసింగరావు గారు అడ్డుపడ్డారు. ఆయనది చిరాకు స్వభావం. మనుషులతో నాలుగు మాటలు మంచిగా మాట్లాడగా నేను వినలేదు. కానీ జంతువు మీద చెయ్యి వేస్తే జబ్బు ఎక్కడుందో చెప్పేవారు. "వాళ్ళని మాట్లాడనీవయ్యా. నువ్వు లోపల కూర్చుని విను. బల్ల మీద ఉన్నప్పుడు నిజం చెబుతారు, నీ ఎదుటికి వచ్చేసరికి భయపడి దాచేస్తారు" అన్నారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న వాటిలో ఈ ఒక్కటీ నన్ను చివరిదాకా కాపాడింది.

అంటాది

సింహాచలం అని ఒకతను, దగ్గర్లోని పల్లె నుంచి వచ్చేవాడు. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఏదో తప్పు చేసినవాడిలా వంగి నడిచే మనిషి. ముప్పై దాటి ఉండవు. అతని కుక్క పేరు చిట్టి, అతని నోట సిట్టి. గోధుమ రంగు ఊరకుక్క, ఆడది. మొదటిసారి వచ్చినప్పుడు దాని చెవుల్లో నిజంగానే గోమార్లు ఉన్నాయి. తీయించుకుని వెళ్ళాడు.

తర్వాతి సంతకి మళ్ళీ వచ్చాడు. లోపలికి రాలేదు. బల్ల చివర కూర్చుని గార్డు గారిని అడిగాడు.

"బాబూ, ఒంటిమీద మచ్చ ఒస్తే ఏటి రాయాల?"

"ఏం మచ్చయ్యా?"

"రాగి రంగుది. అరిసేయంత ఉంటాది. అక్కడ ఎంట్రుకలు రాలిపోనాయి. దురదైతే నేదు."

"దురద లేకపోతే గజ్జి కాదు నాయనా, బెంగపడకు. వేపాకు నూరి, పసుపు కలిపి పట్టించు" అంది మహాలక్ష్మమ్మ గారు.

"వేపాకు దాన్నేం చేస్తుందమ్మా! గంధకం రాయవయ్యా, గంధకం. మా జాకీకి వారంలో మానిపోయింది" అన్నారు గార్డు గారు.

అతను అన్నీ తలూపుతూ విన్నాడు. ఎన్నిసార్లు రాయాలో, ఎండలో కూర్చోబెట్టాలో వద్దో, తిండిలో ఏం మానిపించాలో అడిగాడు. ఊరకుక్క కోసం ఇంత జాగ్రత్తా అని నాకు ముచ్చటేసింది.

ఆ పై సంతకి వచ్చినప్పుడు గార్డు గారే పలకరించారు. "ఏమయ్యా, రాశావా?"

"రాసినాను బాబూ. బొబ్బలెక్కీసింది. అయినా మంట నేదంటాది."

 గార్డు గారు పగలబడి నవ్వారు. "ఎవరయ్యా అంటాది? మీ కుక్కే? మీ కుక్క మాట్లాడుతుందేటయ్యా!" బల్లంతా నవ్వింది. సింహాచలం కూడా నవ్వాడు. కిటికీలోంచి నాకు అతని చేతులు కనిపిస్తున్నాయి. కుక్క తాడుని వేళ్ళ చుట్టూ బిగించి, విప్పి, మళ్ళీ బిగిస్తున్నాడు.

మన మాటలో ఇంటి ఆడమనిషికీ గొడ్డుకీ క్రియ ఒకటే. తింది, పడుకుంది, నీరసంగా ఉంది అంటే అది ఎవరి గురించో చెప్పనక్కర్లేదు. అతను ఒక్క అబద్ధమైనా ఆడకుండా తన బాధంతా బల్ల మీద చెప్పుకోగలిగాడు. కుక్క చెయ్యలేని పని ఒక్కటి అతని నోట జారిపోయింది.

లోపలికి పిలిచాను. కుక్కని పరీక్ష బల్ల ఎక్కించి వేళ్ళతో బొచ్చంతా పాయలు తీసి చూశాను. తోలు మీద ఎక్కడా మచ్చ లేదు, బొబ్బ లేదు. గంధకం రాసిన కుక్క గది నిండా కంపు కొడుతుంది. చిట్టి దగ్గర ఆ వాసనే లేదు. తాడు పట్టుకున్న అతని వేళ్ళ దగ్గర ఉంది.

"మచ్చ ఎక్కడయ్యా?"

"తగ్గిపోనాది బాబూ."

నేను తలుపు దగ్గరగా వేశాను. "ఎవరికి?"

అతను నేల మీద కూలబడి కుక్క మెడ పట్టుకున్నాడు. "మా ఇంటిదానికి బాబూ" అన్నాడు. పేరు పారమ్మ. మోచేతి కింద మచ్చ. అక్కడ సూది గుచ్చినా తెలియదట. కూడు వార్చేటప్పుడు చెయ్యి కాలినా తెలియదట.

"మరి మనుషుల ఆస్పత్రికి తీసుకెళ్ళలేదేం?"

"అక్కడ కాంపౌండరు మా అన్నకి బావమరిది బాబూ. ఆడికి తెలిస్తే ఊరికి తెలిసినట్టే. ఇక్కడైతే కుక్కకని సెప్తే ఎవులూ అడగరు కదా."

 అది ఏ జబ్బో పశువుల డాక్టరుకైనా తెలుస్తుంది. మా వైపు కుష్ఠు అని పేరు పెట్టి పిలవరు. పెద్దరోగం అంటారు.

గొడ్ల డాక్టరు

నరసింగరావు గారికి చెప్పాను. ఆయన చాలాసేపు చుట్ట కాల్చి, "మన చేతిలో లేని ఒళ్ళు అది. వదిలెయ్యి. నువ్వు మంచి చెయ్యబోయి నోరు జారావంటే వాళ్ళ కొంప కూలుతుంది" అన్నారు. నాకు కోపం వచ్చింది. కూలిన తర్వాత చాలాసార్లు ఆ మాట గుర్తొచ్చింది. అయినా ఆయన చెప్పినట్టు వదిలెయ్యడం సరైన పని అని నేను ఈ రోజుకీ అనుకోను. మందు ఉందని తెలిసి ఊరుకోవడం నా వల్ల కాలేదు.

పశువులకి టీకాలు వెయ్యాలనే నెపంతో ఆ పల్లెకి వెళ్ళాను. సింహాచలం, అతని అన్న, వాళ్ళ తల్లి అందరూ ఒకే ఇంట్లో ఉండేవారు. వాకిట్లో మూడేళ్ళ ఆడపిల్ల ఆడుకుంటోంది. పేరు గంగ. నేను ఎడ్లకి సూదులు వేస్తుంటే ముసలామె పక్కన నిలబడి కోడలి మీద చాడీలు చెప్పింది.

"సూడండి బాబూ, కన్నబిడ్డని ఒళ్ళో ఎట్టుకోదు. దగ్గిరికొస్తే కసిరీస్తాది. ఆ కుక్కనైతే పక్కలో ఎట్టుకుని తొంగుంటాది. ఇదేం తల్లి బాబూ?"

చేతులు కడుక్కోవడానికి కొట్టం వెనక్కి వెళితే పారమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. చెంబు కింద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది. చక్కటి ముఖం, బెరుకు లేని చూపు. రవిక చేతి అంచు మోచేతి కిందికి లాక్కుని ఉంది.

"మా ఆయన సెప్పీసినాడా?" అంది.

"చెప్పాడమ్మా."

"నాకు ముందే తెలుసు బాబూ ఇదేటో. మా అమ్మకీ ఇదే. తాటితోపు అవతల పాకేసి ఉంచీసినారు. నాను కూడు అట్టుకెళ్ళి రాయి మీద ఎట్టీసి వొచ్చీదాన్ని. దగ్గిరికెళ్తే తిట్టీది, మట్టిబెడ్డలు ఇసిరీది. అమ్మకి నానంటే ఇష్టం నేదనుకున్నాను. ఇప్పుడు నా గుంట గంగని నానే తిడతన్నాను."

చెంబు వైపు చూస్తూ చెప్పింది. ఏడవలేదు.

మందు ఉందని చెప్పాను. మాత్రలు మింగుతూ ఉంటే తగ్గుతుందని, త్వరగా మొదలుపెడితే చేతులకి ఏమీ కాదని, బిడ్డని జీవితమంతా దూరం పెట్టనక్కర్లేదని చెప్పాను.

"నిజమేటి? మీరు గొడ్ల డాక్టరు కదా బాబూ."

"తెలిసినవాడి చేత చెప్పిస్తాను, రా" అన్నాను.

సైకిలు మీద ఊళ్ళు తిరిగి మచ్చలు చూసి మాత్రలిచ్చే ఉద్యోగి ఒకాయన ఉండేవాడు. జనం ఆయన్ని మచ్చల ఇన్‌స్పెక్టరు అనేవారు. ఆయన ఏ ఇంటి ముందు సైకిలు దిగితే ఆ ఇంటికి పెళ్ళి సంబంధాలు ఆగిపోయేవి. పాపం, ఆయనకీ అది తెలుసు. సంత రోజున మా మందుల కొట్టుగదికి రమ్మని అడిగితే సంతోషంగా ఒప్పుకున్నాడు. పారమ్మ చిట్టిని తీసుకుని వస్తుంది, కుక్కని చూపించుకోవడానికని నా గదిలోకి వస్తుంది, అక్కడి నుంచి కొట్టుగదిలోకి వెళ్ళి మాత్రలు తీసుకుంటుంది. నరసింగరావు గారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఆయన మంచితనం అంతవరకే వెళ్ళేది, కాని అంతవరకు వెళ్ళింది.

బరువు

ఆ కొన్ని నెలలూ బాగా గడిచాయి. పారమ్మ బల్ల మీద కూర్చుని మిగతావాళ్ళతో కలిసిపోయింది. చిట్టికి మజ్జిగన్నం పడదని ఒకసారి, చంటిపిల్లలా ఉరుములకి భయపడుతుందని ఒకసారి చెప్పి నవ్వించేది. మహాలక్ష్మమ్మ గారికి ఆమె అంటే ప్రాణం. "ఇంత శ్రద్ధగా కుక్కని చూసుకునే పిల్లని నేను చూళ్ళేదు నాయనా" అనేది నాతో. ఊళ్ళో మాత్రం పారమ్మకి కుక్కపిచ్చి పట్టిందని చెప్పుకునేవారు. అది మాకు మేలే అనుకున్నాం.

మచ్చ అంచులు మెల్లగా చదునయ్యాయి. ఒకనాడు ఇన్‌స్పెక్టరు ఆమె చెయ్యంతా ఈకతో తాకి చూసి, "ఇక నీ బిడ్డని ఎత్తుకోవచ్చమ్మా, భయం లేదు" అన్నాడు.  తర్వాతి సంతకి పారమ్మ నా గదిలోకి రాగానే తలుపు వేసి, నేను అడగకముందే చెప్పింది.

"ఒళ్ళో ఎట్టుకున్నాను బాబూ." చిట్టి తాడు బల్లకి కట్టింది. "బరువెక్కిపోనాది."

ఒక నవ్వు

గార్డు సూర్యనారాయణ గారు చెడ్డవారు కారు. ఆ మాట ముందుగా చెప్పాలి. సాయంత్రాలు స్టేషను దగ్గర టీ దుకాణంలో కూర్చుని కబుర్లు చెప్పడం ఆయన అలవాటు. మాట్లాడే కుక్క కథ ఆయనకి బాగా దొరికింది. ఒంటిమీద రాగి రంగు మచ్చ, గంధకం రాస్తే బొబ్బలెక్కడం, "మంట నేదంటాది" అనడం, అన్నీ సింహాచలం గొంతుతోనే అభినయించి చెప్పేవారట. విన్నవాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పారు. కొన్ని నెలలకి అది సంతలో అందరికీ తెలిసిన నవ్వులాట అయిపోయింది.

సింహాచలం అన్న ఎడ్లకి పలుపులు కొంటుంటే, తాళ్ళ దుకాణం వాడు నవ్వుతూ అడిగాడు. "మాట్లాడే కుక్క మీ ఇంట్లోనే ఉన్నాదంట కదా?" అన్న ఆ కథంతా చెప్పించుకున్నాడు. ఇంటికెళ్ళి చిట్టిని కాళ్ళ మధ్య ఇరికించి తోలంతా వెతికాడు. తర్వాత మరదలిని పిలిచి చెయ్యి చూపించమన్నాడు.

సింహాచలం వచ్చి చెబితే నేను ఆ ఊరు పరిగెత్తాను. మందు మింగుతున్న మనిషి వల్ల ఎవరికీ అంటుకోదని అన్నతో గంటసేపు వాదించాను. అతను మర్యాదగానే విన్నాడు.

"బాబూ, ఎద్దు గురించి సెప్పండి, నమ్ముతాను. మీరు గొడ్ల డాక్టరు. నా పిల్లలు ఆ నూతిలో నీళ్ళే తాగాలి."

ఇన్‌స్పెక్టరు వెళ్ళి చెబుదామన్నాడు. ఆయన సైకిలు ఊరి మొదట్లో కనబడేసరికి పిల్లలు బురద కొట్టారు. పారమ్మని కొట్టం వెనక పాకలోకి పంపారు. గంగని నాయనమ్మ తన తమ్ముడి ఇంటికి వేరే ఊరు తీసుకుపోయింది. సింహాచలం సంతలో ముఖం చూపించలేక రావడం మానేశాడు. మాత్రలు ఆగిపోయాయి. ఆగిన ఆ నెలల్లో ఆమెకి జ్వరాలొచ్చి, నరాలు వాచి, కుడిచేతి వేళ్ళు లోపలికి ముడుచుకున్నాయి. మళ్ళీ సింహాచలం ఆమెని బండిలో తెచ్చి చూపించినప్పుడు ఇన్‌స్పెక్టరు ఆ వేళ్ళు ఒక్కొక్కటీ చాపడానికి చూసి, అవి తిన్నగా రాక, తన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ జబ్బు వాళ్ళ కోసం ఊరి బయట కట్టిన ఆస్పత్రి ఒకటి దూరంలో ఉంది. సింహాచలం తన వాటా పొలం అన్నకి అప్పజెప్పేసి పెళ్ళాంతో అక్కడికి వెళ్ళిపోయాడు. అక్కడే తోటపని చేస్తూ బతికారు. బండి కదులుతుంటే చిట్టి వెనకాల పరిగెత్తింది. అతను దిగి దాన్ని ఎత్తుకుని బండిలో పెట్టుకున్నాడు.

గార్డు గారు ఒక మధ్యాహ్నం ఒక్కరే వచ్చారు. కుక్క లేదు. "నవ్వుకోడానికి చెప్పాను డాక్టరు గారూ. నాకేం తెలుసు?" అన్నారు.  ఆయన మళ్ళీ ఆ బల్ల మీద కూర్చోలేదు. మహాలక్ష్మమ్మ గారు ఒకటే అడిగింది. "ఆ పిల్ల పక్కన ఇన్నాళ్ళు కూర్చున్నానుగా నాయనా, నాకేమైనా అయిందా?" లేదమ్మా అన్నాను. "మరి వాళ్ళకెందుకు నాయనా అంత భయం?" అని, కుక్క తాడు పట్టుకుని లేచి వెళ్ళింది.

కొత్తగా వచ్చే డాక్టర్లూ, మీకు చెప్పదలచింది ఇదే. మీ వరండాలో విన్నది మీ వరండాలోనే ఉండనివ్వండి. నవ్వొచ్చే మాటైతే ఇంకా జాగ్రత్త, ఎందుకంటే నవ్వొచ్చే మాట ఎక్కువ దూరం పోతుంది. జంతువుని చూసేటప్పుడు తాడు పట్టుకున్న చేతిని కూడా చూడండి. ఇవి చదువులో చెప్పరు. చెప్పినా ఆ వయసులో మనసుకి ఎక్కవు.

చాలా ఏళ్ళకి

నాకు బదిలీ అయ్యింది. తర్వాత ఇంకో రెండు ఊళ్ళు తిరిగాను. పొందూరు వైపు పనిచేస్తున్నప్పుడు, ఒక ఆదివారం ఆ ఆస్పత్రి దారిన పోతూ దిగాను. సింహాచలం తోటలో పాదులు తవ్వుతున్నాడు. తల నెరిసింది. నన్ను చూసి కేకేస్తే పారమ్మ బయటికొచ్చింది. జబ్బు పూర్తిగా నయమైందని, ఇక మందు కూడా అక్కర్లేదని అక్కడి డాక్టర్లు ఎప్పుడో చెప్పేశారు. వేళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. చిట్టి చచ్చిపోయి చాన్నాళ్ళయిందట.

ఊరికి వెళ్ళొచ్చు కదా అని అడిగాను. సింహాచలం పార పక్కన పెట్టి పారమ్మ వైపు చూశాడు. పారమ్మే చెప్పింది.

"ఎళ్ళినాను బాబూ, మొన్న ఎండల్లో. మా అత్త తమ్ముడి ఊరు. ఇంటి ముందు దాకా ఎళ్ళినాను. గుంట వాకిట్లో ఉన్నాది. నా ఎత్తు వొచ్చీసింది. 'ఎవులు కావాల?' అంది. 'దాహంగా ఉన్నాదమ్మా' అన్నాను."

"చెప్పలేదా నువ్వెవరో?"

"సెప్తే దానికి నీళ్ళెవులిస్తారు బాబూ, ఆ ఊర్లో?"

కుడిచెయ్యి కొంగులోకి తీసుకుంది.

"సెంబుతో తెచ్చింది. నా సేతులు సూసింది, ఎనక్కెళ్ళనేదు. దోసిలి పట్టినాను. ఏళ్ళు కలవవు కదా, నీళ్ళన్నీ సందుల్లోంచి కారిపోతన్నాయి. కారిపోతంటే మళ్ళీ పోసింది. సెంబు అయిపోతే లోపలికెళ్ళి ఇంకో సెంబు తెచ్చింది. నాకు దాహం తీరిపోనాది, అయినా పట్టినాను."

సింహాచలం పార తీసుకుని మళ్ళీ పాదు తవ్వడం మొదలుపెట్టాడు.

"ఇసుక్కోనేదు బాబూ" అంది పారమ్మ. "ఒక్కసారి కూడా ఇసుక్కోనేదు."